చెస్టర్‌ఫీల్డ్ వంకర శిఖరం: వడ్రంగి నాన్నతో పైదాకా ఎక్కాం

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఉంటున్న ఎనిమిదేళ్లలో ఆ చర్చి శిఖరాన్ని రైల్లోంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. లండన్ వైపు రైలెక్కితే కాసేపటికే చెస్టర్‌ఫీల్డ్ వస్తుంది. కుడివైపు కిటికీ దగ్గర కూర్చుంటే చాలు, ఊళ్లోని ఇళ్ల కప్పులన్నిటినీ దాటుకుని ఒక్కటే నిలబడి కనిపిస్తుంది. పిండి వదిలేసిన తడిబట్టలా మెలి తిరిగి, ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు రైలు అద్దంలోనే ఏదో తేడా ఉందనుకుని కిటికీ మార్చి చూశాను. అప్పుడూ అలాగే ఉంది.

అయినా దిగి వెళ్లి చూడాలని ఎప్పుడూ అనిపించలేదు. ఫోన్లో ఒక ఫొటో తీసుకోవడం, ఎవరికైనా పంపడం, అంతే. ఈ వేసవిలో అమ్మానాన్న వచ్చాక అదే రైల్లో వెళ్తూ నాన్నకి చూపించాను. మా నాన్న వడ్రంగి. మండపేట దగ్గర మా ఊళ్లో నలభై ఏళ్లు ద్వారబంధాలు, తలుపులు, పెంకుటిళ్ల పైకప్పులు చేశాడు. శిఖరం కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూసి, ఒక్క ప్రశ్న అడిగాడు. "అమ్మడూ, దాని లోపల ఏముంది? రాయా, కర్రా?"

నాకు తెలియదు. ఆ వచ్చే శనివారమే ముగ్గురం వెళ్లాం. ఇది ఆ రోజు గురించి.

ముందుగా ఏ చర్చి అన్నది చెప్పాలి. దీని పూర్తి పేరు సెయింట్ మేరీ అండ్ ఆల్ సెయింట్స్. కేథడ్రల్ కాదు, బిషప్ కూర్చునే చోటు కాదు. ఊరి జనం బాప్తిస్మాలకీ, పెళ్లిళ్లకీ, చావులకీ వెళ్లే పారిష్ చర్చి. మన ఆర్.సి.ఎం. వాళ్లు 'విచారణ' అంటారే, అలాంటిది. కానీ ఈ ఊరున్న డెర్బీషైర్ కౌంటీ మొత్తంలో ఇంత పెద్ద పారిష్ చర్చి ఇంకోటి లేదు. 1234 ప్రాంతంలో మొదలుపెట్టి, ఎక్కువ భాగం 14వ శతాబ్దంలో కట్టారు. సిలువ ఆకారంలో ఉంటుంది. పొడవాటి నడిమి హాలు, దానికి రెండు పక్కలా వసారాల్లాంటి భాగాలు, అడ్డంగా రెండు చేతులు. ఆ చేతులు కలిసే చోట చదరపు రాతి బురుజు, దాని నెత్తిన ఈ శిఖరం. మెదక్ చర్చి చూసినవాళ్లకి లోపల అడుగుపెట్టగానే పరిచయమైన చోటులా ఉంటుంది. పైన మొనదేలిన అవే కమానులు, ఆకులు విప్పినట్టు తెరుచుకునే కిటికీలు. మెదక్‌లో ఆ పద్ధతి 20వ శతాబ్దంలో వచ్చింది, ఇక్కడ అసలు కాలంలోనే కట్టింది.

చర్చి లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు, తోచింది హుండీలో వేయొచ్చు. బురుజు ఎక్కడానికి మాత్రం టికెట్ కొనాలి. గైడ్ వెంట, చిన్న గుంపుగా, చెప్పిన టైముకే ఎక్కనిస్తారు. అన్ని రోజులూ ఉండదు కాబట్టి ముందే కనుక్కుని వెళ్లండి.

అమ్మకి మోకాళ్ల నొప్పులు. మెట్లు చూడగానే "నేను కిందే ఉంటాను, మీరు వెళ్లి రండి" అంది. అమ్మ గురించి మళ్లీ వస్తాను.

మెట్లు నూటికి పైనే. రాతి గోడ మధ్య గుండ్రంగా తిరుగుతూ వెళ్తాయి. ఒక మనిషి వెనక ఒక మనిషి, పక్కకి జరగడానికి చోటుండదు. ఒక్కో మెట్టు మధ్యలో అరిగి గుంటపడి ఉంది. పట్టుకోవడానికి ఆసరా ఉంది కానీ కళ్లు తిరిగేవాళ్లు, ఇరుకంటే టెన్షన్ పడేవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు ఆలోచించుకోవాలి. లిఫ్ట్ లేదు, పెట్టే వీలూ లేదు. అరవై ఎనిమిదేళ్ల నాన్న రెండు చోట్ల ఆగి ఎక్కాడు. గైడ్ గారు తొందరపెట్టలేదు. ఆయన పదవీ విరమణ చేసిన పెద్దాయన, జీతం లేకుండా చేస్తున్నారు. నాన్న కోసం నేను తెలుగులో చెప్పడం పూర్తయ్యేదాకా ప్రతిసారీ మాట ఆపి నిలబడ్డారు. దారిలో గంటల గది వస్తుంది. మొత్తం పది గంటలు. అవి అక్కడ దగ్గర్నుంచి ఎంత పెద్దవో చూశాక కిందికి వినిపించే మోతకి అర్థం దొరికింది.

ఆ పైన శిఖరం అడుగుభాగం. తలెత్తి చూస్తే అంతా కర్రే.

నాన్న అడిగిన ప్రశ్నకి జవాబు అదీ. కింద బురుజు రాయి, పైన శిఖరం పూర్తిగా ఓక్ కర్ర, ఆ కర్ర మీద సీసం రేకులు. నేలనుంచి శిఖరం కొస దాకా 228 అడుగులు. లోపల నిలబడి చూస్తే నిలువు దూలాలు, అడ్డ దూలాలు, ఏటవాలు కర్రలు ఒకదాని మీద ఒకటి పైకి వెళ్తూ సన్నబడతాయి. కింద సూటిగా మొదలైన కర్ర పైకి వెళ్లేకొద్దీ మెల్లగా పక్కకి తిరగడం కంటితో పట్టుకోవచ్చు. బయట నుంచి చూస్తే వింతగా ఉంటుంది. లోపల్నుంచి చూస్తే వింతనిపించలేదు, ఏం జరిగిందో కళ్లముందు కనిపించింది.

మొత్తం మీద 45 డిగ్రీలు మెలి తిరిగిందట. కొస అసలు ఉండాల్సిన చోటు నుంచి 9 అడుగుల 6 అంగుళాలు పక్కకి జరిగింది. మా ఊళ్లో ఒక మామూలు గది వెడల్పు అంత.

గైడ్ గారు ఎందుకిలా అయిందో చెప్పడం మొదలుపెట్టారు. శిఖరం పెట్టింది 1362 ప్రాంతంలో. దానికి పదమూడేళ్ల ముందే, 1348, 1349ల్లో, ఇంగ్లండ్‌ని ప్లేగు ఊడ్చేసింది. జనాభాలో మూడో వంతు నుంచి సగం దాకా పోయారని అంచనా. పని తెలిసిన మేస్త్రీలు, వడ్రంగులు కూడా అందులో పోయే ఉంటారు. మిగిలినవాళ్లు, వాళ్ల దగ్గర సగం నేర్చుకున్నవాళ్లు కట్టి ఉంటారు, అందుకే లోపల అడ్డంగా బిగించాల్సిన కర్రలు సరిపడా వేయలేదు, పైగా వాడింది పచ్చి కర్ర అన్నారు.

ఇది నేను తెలుగులో చెప్తుంటే 'పచ్చి కర్ర' దగ్గర నాన్న చెయ్యెత్తి ఆపాడు. ముట్టుకోవచ్చా అని అడగమన్నాడు. గైడ్ గారు తలూపి, చేతికందే దూలం ఒకటి చూపించారు. నాన్న అరచెయ్యి దాని మీద పెట్టి, బొటనవేలిని ఒక చీలిక వెంట కింది నుంచి పైకి పాకించాడు. దూలం పొడవునా చీలికలున్నాయి, కొన్నిట్లో వేలు గోరు దాకా దిగుతుంది. "ఇవి కట్టాక పడ్డవే. కర్రలో నీరు చచ్చేటప్పుడు ఇలా విచ్చుకుంటుంది. వీళ్లు తెలియక వాడలేదమ్మా. ఆరాక దీని మీద ఉలి దిగదు. మన తుమ్మ కూడా అంతే కదా, పచ్చిగా ఉన్నప్పుడే చెక్కేస్తాం."

నేను ఇంగ్లీషులో చెప్పగానే గైడ్ గారి ముఖం వెలిగిపోయింది. అదే నిజమన్నారు. ఆ రోజుల్లో ఓక్‌ని పచ్చిగా ఉండగానే చెక్కడం, బిగించడం అందరూ చేసే పనే. ఆరాక చేతి పనిముట్లకి లొంగదు. కట్టాక అది ఆరుతూ వంగుతుంటే అక్కడక్కడా సవరించుకుంటూ పోయేవాళ్లట. అంటే పచ్చి కర్ర ఒక్కటే తప్పు కాదు. ఇంగ్లండ్‌లో ఇలాంటి కర్రతోనే కట్టిన పాత కప్పులు ఎన్నో ఇప్పటికీ సూటిగా ఉన్నాయి.

మరి ఇదొక్కటే ఎందుకు తిరిగింది? ఇక్కడే సీసం కథ వస్తుంది. శిఖరం మీద కప్పిన సీసం బరువు దాదాపు 33 టన్నులు. లోపలి కర్రల అల్లిక అంత బరువు మోయడానికి వేసింది కాదు. ఆపైన ఎండ. ఇక్కడ మధ్యాహ్నం పూట సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే ఉంటాడు. ఎండ తగిలే దక్షిణం పక్క సీసం వేడెక్కి సాగుతుంది, నీడలో ఉన్న ఉత్తరం పక్క అంత సాగదు. సాయంత్రం మళ్లీ ముడుచుకుంటుంది. రోజూ ఇంతే. కింద ఇంకా ఆరని కర్ర, పైన ఒక పక్కే సాగి ముడిచే బరువు. అలా వందల ఏళ్లు.

నాన్నకి ఇది వివరించడానికి ఒక్క మాట సరిపోయింది. మా పాత రేకుల వంటిల్లు. వేసవి మధ్యాహ్నం ఆ రేకులు టక్కుటక్కుమని చప్పుడు చేసేవి, పొద్దువాలాక మళ్లీ చేసేవి. "అదేనా?" అన్నాడు. అదే.

తర్వాత నాన్న అడిగిన ప్రశ్న నాకు తట్టేది కాదు. "సీసం కప్పినవాళ్లూ కర్ర పని చేసినవాళ్లూ ఒకళ్లేనా?" కాదట. సీసం పని వేరే వృత్తి. ఇంగ్లీషులో ప్లంబర్ అన్న మాటే సీసానికి లాటిన్ పేరు ప్లంబమ్ నుంచి వచ్చిందని గైడ్ గారు చెప్పారు. ఇప్పుడు కుళాయిలు బాగుచేసేవాళ్లని అంటున్నాం గానీ అప్పుడు సీసం పనివాళ్లు వాళ్లు. నాన్న "ఊఁ" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

చిన్న తలుపులోంచి బయటికొస్తే బురుజు అంచున నడవొచ్చు. శిఖరం మన పక్కనే మొదలవుతుంది. కింది నుంచి గీతల్లా కనిపించేవి ఇక్కడ సీసం పలకలని తెలుస్తుంది. రెండు పక్కల నుంచి ఏటవాలుగా వచ్చి కలుసుకుంటూ, పాయలు తీసి జడ అల్లినట్టు పైదాకా వెళ్తాయి. శిఖరానికి నిజానికి ఉన్నవి ఎనిమిది ముఖాలే. ఈ అల్లికవల్ల ఒక్కోటీ మధ్యలో మడిచినట్టు కనిపించి, కింది నుంచి లెక్కపెడితే ఎక్కువొస్తాయి. ఉన్న మెలిక ఇంకా ఎక్కువ కనిపించడానికీ అదే కారణం. సీసం రంగు వానాకాలం మబ్బు రంగు. మేం వెళ్లిన రోజు ఎండ కాసింది, రేకు దగ్గరికి ముఖం పెడితే వెచ్చగా తగిలింది. చుట్టూ ఊరు, బజారు, రైలు పట్టాలు, పడమట దూరంగా కొండలు. రైలు ఇంజన్ల జార్జ్ స్టీఫెన్సన్ చివరి రోజులు గడిపిన ఊరు ఇది. 1848లో చనిపోతే ఇక్కడే హోలీ ట్రినిటీ అనే వేరే చర్చిలో సమాధి చేశారు, స్టేషన్ బయట ఆయన విగ్రహం ఉంది. మాకు అక్కడికి వెళ్లే తీరిక లేకపోయింది.

ఊరివాళ్ల కథలు వేరే ఉన్నాయి. దయ్యాలరాజు సైతాను కాలికి దగ్గర్లోని బోల్సోవర్‌లో ఒక కమ్మరి నాడా సరిగ్గా కొట్టలేదట. నొప్పికి చెస్టర్‌ఫీల్డ్ మీదుగా గెంతుతూ కాలు విదిలిస్తే శిఖరానికి తగిలిందట. ఇంకో కథలో సైతాను శిఖరానికి తోక చుట్టుకుని కూర్చుంటాడు, కింద నుంచి సాంబ్రాణి పొగ ముక్కులోకి పోయి తుమ్ముతాడు. పిల్లలతో వెళ్తే ఇవి చెప్పండి, ఇష్టపడతారు. పెళ్లికూతురు కథ కూడా ఒకటుంది, కన్య పెళ్లికొస్తే శిఖరం తిరిగి చూసిందని. అది నాకు నచ్చలేదు. ఊరి ఆడపిల్లలందరినీ తేలిక చేసే మాట.

నాన్నకి ఈ కథలు చెప్తే వినలేదు. బయట అంచున గోడకి ఆనుకుని నిలబడి, నేనెప్పుడూ వినని సంగతి ఒకటి చెప్పాడు.

నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మా పక్కూళ్లో ఒకాయన కొత్త ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి ముహూర్తం దగ్గరపడింది. సింహద్వారం తలుపులకి కర్ర కావాలి. అడితిలో ఉన్నది చూపించి, ఆరిందే, ఏడాది పైమాటే అన్నారట. నాన్న గోటితో గీసి చూశాడు, తడి తెలిసింది. అయినా ముహూర్తం ఆగదు కదా అని తెచ్చి చేశాడు. రెండు వానాకాలాలు తిరిగేసరికి ఒక రెక్క మెలి తిరిగి మూసుకోవడం మానేసింది. వాళ్లు గొడవేం చేయలేదు, "ఒకసారి చూసి వెళ్లు మేస్త్రీ" అని కబురు పంపారు. నాన్న సొంత డబ్బుతో కొత్త కర్ర కొని రెండు రెక్కలూ మార్చాడు. ఆ ఏడాది దసరాకి మాకు కొత్త బట్టలు లేకపోవడం నాకు గుర్తుంది, ఎందుకో మాత్రం ఆ బురుజు మీదే తెలిసింది. "ఆ ఇంటి ముందు నుంచి ఇప్పటికీ వెళ్లను, చెరువు గట్టు మీంచి చుట్టు తిరిగి వెళ్తాను" అన్నాడు. తర్వాత శిఖరం వైపు చూసి, "వీళ్లది పడలేదుగా" అన్నాడు. ఆరువందల అరవై ఏళ్లు దాటింది, పడలేదు.

ఒక్కసారి మాత్రం పోయినంత పనైంది. 1961 డిసెంబర్ 22న ఉత్తరం చేతి వైపు మంటలు లేచాయి. 1756లో జాన్ స్నెట్‌జ్లర్ చేసిన పైప్ ఆర్గన్ అనే పెద్ద వాద్యం కాలి బూడిదైంది. లోపలంతా కర్రతో ఉన్న శిఖరం అక్కడికి కొన్ని అడుగుల దూరం. దానికి అంటుకోకుండా ఆపగలిగారు. ఇప్పుడున్న ఆర్గన్ టి.సి. లూయిస్ అనే ఆయన కంపెనీ చేసింది. గ్లాస్గో సిటీ హాల్లో వాడకుండా ఉంటే తెచ్చి పెట్టారు.

కిందికొచ్చేసరికి ఆ ఆర్గన్ మీదే ఎవరో సాధన చేస్తున్నారు. అమ్మ ముందు వరసలో కూర్చుని కళ్లు మూసుకుని వింటోంది. మేం పైన ఉన్న గంటలో అమ్మ చర్చి అంతా చూసేసింది. ఆల్టర్ (బలిపీఠం) వైపు నాలుగు చిన్న ప్రార్థన గదులున్నాయి. మధ్యయుగంలో ఊళ్లోని సంఘాలవాళ్లు కట్టించుకున్నవి. చనిపోయిన తమ సభ్యుల కోసం అక్కడ ప్రార్థనలు చేయించేవాళ్లు. ఆరవ ఎడ్వర్డ్ కాలంలో 1547 చట్టం అలాంటి సంఘాల ఆస్తులన్నీ రాజు పరం చేసింది. గదులు మాత్రం మిగిలాయి. ఒక దాంట్లో ఫోల్జాంబ్ అనే జమీందారీ కుటుంబం సమాధులున్నాయి, ఎక్కువ 16వ శతాబ్దివి. పాలరాయిలా కనిపిస్తుంది కానీ అలబాస్టర్, మెత్తటి రాయి, ఈ ప్రాంతంలో దొరికేదే. అందుకే బట్టల మడతలు, అల్లికలు అంత సన్నగా చెక్కగలిగారు. అమ్మ నన్ను చెయ్యి పట్టి తీసుకెళ్లి, సమాధి పక్కల్లో వరసగా చెక్కిన చిన్న చిన్న బొమ్మలు చూపించింది. "ఈ చీర కుచ్చిళ్లు చూడు" అంది. చీర కాదు, పొడవాటి గౌను, కానీ కుచ్చిళ్లు మాత్రం నిజంగానే అంత బాగున్నాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లని తీసుకెళ్లొచ్చా అని అడిగితే, అమ్మని చూశాక, నిశ్చింతగా తీసుకెళ్లమంటాను.

కిందంతా పాతదే అనుకోకండి. 1843లో జార్జ్ గిల్బర్ట్ స్కాట్ అనే ఆర్కిటెక్ట్ చేతుల మీదుగా పెద్ద మరమ్మతు జరిగింది. మీరు చూసే కర్రపనిలో, రాతిపనిలో కొంత ఆ కాలానిది. పైన శిఖరంలో కూడా తర్వాత వేసిన ఆసరా కర్రలున్నాయి. నాన్న వాటిని రంగు చూసి విడదీసి చూపించాడు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కింద రోడ్డు మీద ఫొటో దిగి వెళ్లిపోయేట్టయితే ఈ చర్చిలో సగం కూడా చూసినట్టు కాదు. టికెట్ కొని పైకెక్కండి. బయట వింతగా కనిపించేది లోపల మనుషులు చేసిన పనిగా కనిపిస్తుంది. ఎక్కలేకపోతే అమ్మలా కింద కూర్చోండి, ఆ ఆర్గన్ వినబడితే అదృష్టం. చర్చి కట్టేటప్పుడు బరువులు పైకి లాగడానికి వాడిన పాత చక్రం ఒకటి ఊరి మ్యూజియం సేకరణలో ఉంది. మ్యూజియం తెరిచి ఉందో లేదో ముందే చూసుకోండి. స్టేషన్ నుంచి చర్చికి నడిచే వెళ్లొచ్చు, దారి అడగక్కర్లేదు, తలెత్తితే చాలు. చర్చి బయట గడ్డి మీద కూర్చుని పులిహోర తిన్నాం. బజారు కూడా అక్కడికి రెండడుగులే.

తిరుగు రైల్లో నాన్న నా దగ్గర పెన్ను తీసుకుని, చర్చిలో ఇచ్చిన కాగితం వెనక శిఖరం గీశాడు. తానైతే అడ్డ కర్రలు ఎక్కడెక్కడ వేసేవాడో గుర్తుపెట్టాడు. మధ్యలో ఒక చోట ఆగి, మళ్లీ కొట్టేసి, పైకి జరిపాడు. లోపల ఒరుగుడు ఎక్కడ మొదలైందో కంటితో సరిగ్గా తేల్చలేకపోయాడట. రాత్రి ఇంటికి ఫోన్ చేసి, తన పనిముట్ల పెట్టెలో అడుగున నిలువు సూటిగా ఉందో లేదో తాడుకి వేలాడదీసి చూసే ఇత్తడి తూకం గుండు ఉంటుంది, వెతికి పెట్టమని తమ్ముడికి చెప్పాడు. వచ్చే నెల మా ఊరి నుంచి ఒక కుర్రాడు చదువుకోడానికి లీడ్స్ వస్తున్నాడు, అతని సామాన్లో పంపిస్తారు. లోపల వేలాడదీయనిస్తారో లేదో ముందు అడగాలి.